చుట్ల లెక్క: వెల్డింగ్ సెట్ వెనక ఉన్న కథ

అల్ ఖూజ్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఫ్యాబ్రికేషన్ షాపుల్లో పనిచేసినవాళ్లకి పాత వెల్డింగ్ సెట్ గుర్తుండే ఉంటుంది. చక్రాల మీద ఇనప పెట్టె, కదపాలంటే ఇద్దరు కావాలి. ఆ బరువంతా లోపలున్న ఇనప కోరుదీ, రాగి తీగదీ. లోపలికి 400 వోల్టులు వెళ్తే బయటికి 80 వరకే వస్తాయి. మరి అంత తక్కువ వోల్టేజీకి ఇనుము ఎలా కరుగుతోంది? ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నది దీని గురించే. లెక్కలు వింటే చెవికెక్కవు కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నాం.

1831 ఆగస్టు 29న లండన్‌లో మైకేల్ ఫారడే ఒక ఇనప రింగుకి రెండు వైపులా రెండు తీగలు చుట్టాడు. ఒకదానికి బ్యాటరీ కలిపినప్పుడు, తీసినప్పుడు మాత్రమే రెండోదానిలో కరెంటు కదిలింది. తీగలు ఒకదానికొకటి తగల్లేదు. మారింది రింగులోని అయస్కాంత శక్తి. అది మారుతున్నప్పుడు ప్రతి చుట్టులోనూ ఒకే అంత వోల్టేజీ పుడుతుంది. చుట్లు ఐదో వంతు ఉంటే వోల్టేజీ ఐదో వంతు. పవర్ మాత్రం పుట్టుకురాదు కదా, అందుకే కరెంటు ఐదింతలు. సెట్టు 40 ఆంపియర్లు తీసుకుంటే రాడ్డుకి 200 అందుతాయి. ఇనుముని కరిగించేది ఆ కరెంటే.

ఈ సంగతి వీధి దీపాల దాకా రావడానికి యాభై ఏళ్లు దాటింది. 1880ల్లో ఫ్రాన్సువాడు లూసియన్ గోలార్, ఇంగ్లండువాడు జాన్ గిబ్స్ ఇలాంటి యంత్రాలు చేసి, 1884లో టూరిన్ ప్రదర్శనలో చూపించారు. కానీ వాటిని దండలో పూసల్లా సిరీస్‌లో కలిపారు. ఒకచోట దీపాలు ఆర్పితే మిగతాచోట్ల వెలుగు మారిపోయేది. 1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ కంపెనీ ఇంజనీర్లు జిపర్నోవ్‌స్కీ, బ్లాతి, డేరి మూసి ఉన్న ఇనప కోరు వాడి, అన్నిటినీ ప్యారలల్‌లో కలిపారు. ఇక ఎవరి దీపం వాళ్లదే. చుట్ల నిష్పత్తి లెక్క అప్పుడుగానీ నిజంగా పనికిరాలేదు. ట్రాన్స్‌ఫార్మర్ అన్న పేరు కూడా వాళ్లదే. గోలార్ 1888లో పారిస్‌లో మతి చెదిరి ఆసుపత్రిలో పోయాడు. ఆయన ఆలోచన తప్పు కాదు, కలిపిన తీరే తప్పు. నాకైతే ఈ కథలో ఆయన మీదే జాలి.

దుబాయ్‌లో కరెంటు కంపెనీ 1959లో మొదలైంది. 1992లో నీటి శాఖతో కలిసి దేవా అయింది. మన వీధి సబ్‌స్టేషన్‌కి వచ్చేది 11,000 వోల్టులు, షాపుకి చేరేది 400. నిష్పత్తి 27.5. (మూడు ఫేజుల్లో తీగలు కలిపే పద్ధతిని బట్టి అసలు చుట్ల సంఖ్య వేరుగా ఉంటుంది. ఇక్కడ ఒకే ఫేజు అనుకుందాం.) షాపు 100 ఆంపియర్లు లాగితే 11,000 వైపు పారేది 3.64 మాత్రమే. అంటే మన 4 ఓమ్‌ల లోడు అటునుంచి 3,025 ఓమ్‌లలా కనిపిస్తుంది. ఇంపీడెన్స్ నిష్పత్తితో కాదు, నిష్పత్తి వర్గంతో మారుతుంది: 27.5ని 27.5తో గుణిస్తే 756.25. అదే లెక్కన అటువైపు కేబుల్‌లో ఉన్న 1 ఓమ్ మనకి 756వ వంతే అనిపిస్తుంది. దూరం నుంచి వచ్చినా లైట్లు మసకబారకపోవడానికి కారణం ఇదే.

ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందు వైపు, వెనక వైపు అని లేదు. ఊళ్లో కరెంటు పోయిందని ఎవరో మెయిన్ తీయకుండా జనరేటర్‌ని ఇంటి వైరింగుకి కలిపారనుకోండి. ఆ కరెంటు వెనక్కి వెళ్లి, అదే చుట్ల లెక్కతో పైన లైనులో వేల వోల్టులవుతుంది. లైను ఆఫ్‌లో ఉందని స్తంభం ఎక్కినవాడు దానికే బలవుతాడు. లైన్‌మన్ సప్లై ఆపాక కూడా తీగలకి ఎర్త్ రాడ్లు తగిలించేది, చేంజోవర్ స్విచ్ మెయిన్‌నీ జనరేటర్‌నీ ఒకేసారి కలవనివ్వనిది అందుకే.