పురావస్తు శాస్త్రం

మనుషులు వదిలివెళ్లిన పనిముట్లు, కుండపెంకులు, సమాధులు, ఇళ్ల పునాదుల ఆధారంగా గతాన్ని తెలుసుకునే శాస్త్రం. దీన్ని పురాజీవ శాస్త్రంతో కలిపేయడం తరచూ జరిగే పొరపాటు. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలోని కోటాసారస్ డైనోసార్ అస్థిపంజరం పురాజీవ శాస్త్రానికి చెందినది. డైనోసార్ల కాలానికి మనిషి పుట్టనే లేదు.

తవ్వకంలో కీలకమైన మాట ‘స్తరం’, అంటే మట్టి పొర. కదలని నేలలో కింది పొర పాతది, పైది కొత్తది. ఏ పొరలోదో రాసుకోకుండా పెకలించిన వస్తువు ఎంత అందమైనదైనా సగం సాక్ష్యం పోగొట్టుకున్నట్టే. పాలమూరు ప్రాంతపు ఉట్నూరులో బూడిద దిబ్బను పొరలుగా తవ్వినప్పుడు పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. ఆ బూడిద నవీన శిలాయుగపు పశువుల దొడ్లలో కాలిన పేడ అని అలా తేలింది.

బొగ్గు, ఎముకల వయసును రేడియోకార్బన్ పద్ధతి చెబుతుంది. వాటిలోని కార్బన్-14 సుమారు 5,730 ఏళ్లకు సగమవుతుంది.