గేరుబాక్సుకు లోపసంధి

"మాస్టారూ, ఇంజను తీసి మోటారు పెడదాం, సరే. మరి గేరుబాక్సు ఉంచేదా, తీసేదా?"

అడిగినవాడు నా పూర్వ విద్యార్థి. ఒకప్పుడు గణవిభజన చేయమంటే తల గోక్కున్నవాడే, ఇప్పుడు కార్ల షెడ్డు నడుపుతున్నాడు. కారు కీర్తిశేషులైన మా అన్నగారిది, 1980 నాటి అంబాసిడర్. స్టీరింగు పక్కనుండే గేరు కడ్డీ ఆయన అరచేతి రాపిడికి నున్నబడి ఉన్నది. బండిని తుక్కుకు అమ్మడానికి మా వదినగారికి మనసొప్పలేదు. విద్యుత్తుతో నడిపిద్దామన్నది వాళ్ళ అబ్బాయి కోరిక. తీర్పు మాత్రం నా నెత్తిన పెట్టారు. నాకు కారు నడపడమే రాదు. తెలియని విషయం ఎదురైనప్పుడు దాని పూర్వచరిత్ర చదవడమొక్కటే నాకు తెలిసిన విద్య గనుక, ఆ పనే చేశాను.

పెట్రోలు ఇంజనుకు పుట్టుకతోనే ఒక బలహీనత ఉన్నది. నిమిషానికి కొన్ని వందల చుట్లయినా తిరుగుతూ ఉంటేనే అది బతుకుతుంది. ఆగిన ఇంజను ఆగిన బండిని కదపలేదు. దానికీ చక్రాలకూ నడుమ క్లచ్చీ గేర్లూ వచ్చి చేరినది అందుకే. విద్యుత్ మోటారు అట్లా కాదు. నిశ్చలంగా ఉన్నప్పుడే తన పూర్తి బలాన్ని చూపగలదు. ఈ తేడాను లోకం తొలినాళ్ళలోనే గుర్తించింది. అమెరికాలో 1907 నుంచి తయారైన డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కార్లకు గేర్లు మార్చే బాధ లేకపోవడమే ఒక ఆకర్షణ. పెట్రోలు కార్లతో లోకాన్ని నింపిన హెన్రీ ఫోర్డు గారి భార్య క్లారా స్వయంగా ఆ విద్యుత్ కారునే నడిపేవారు. 1912లో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు అమరి, చేతితో కడ్డీ తిప్పే శ్రమ తప్పిన తరువాత పెట్రోలు కారుదే పైచేయి అయింది.

ఇంతవరకు చదివి, "గేరుబాక్సు అనవసరం, తీసెయ్యరా" అని చెప్పబోయాను. అయితే అవి మొదటి నుంచీ మోటారు కోసమే రూపొందిన కార్లు. పాత కారును మార్చినవారి కథ వేరు.

1968 ఆగస్టు 26న అమెరికాలో ఒక విచిత్రమైన పందెం మొదలైంది. పాసడీనాలోని కాల్టెక్ విద్యార్థులు తూర్పు తీరంలోని కేంబ్రిడ్జికీ, కేంబ్రిడ్జిలోని ఎం.ఐ.టి. విద్యార్థులు పాసడీనాకూ, ఒకరికొకరు ఎదురుగా, విద్యుత్ కార్లలో బయలుదేరారు. రెండూ పాత పద్ధతి బండ్లను మార్చుకున్నవే. కాల్టెక్ వారిది వాలీ రిప్పెల్ అనే విద్యార్థి మార్చిన 1958 నాటి వోక్స్‌వ్యాగన్ వ్యాను, ఎం.ఐ.టి. వారిది షెవర్లే కోర్వేర్. ఎం.ఐ.టి. బండి ముందు చేరినా, తాడు కట్టి లాగించుకున్నందుకు పడిన జరిమానాలను లెక్కలో కలిపితే, సుమారు అరగంట తేడాతో కాల్టెక్ గెలిచింది. గెలిచిన వ్యానులో పాత గేరుబాక్సు అట్లాగే ఉన్నది.

ఆ వ్యానులో గేర్లూ, రెండు వెనుక చక్రాలకూ చలనాన్ని పంచే డిఫరెన్షియలూ ఒకే పెట్టెలో ఉంటాయి. ఒకటి తీస్తే రెండవదీ పోతుంది. అంబాసిడర్‌లో గేరుబాక్సు ముందు, డిఫరెన్షియల్ వెనుక ఇరుసులో. కనుక గేరుబాక్సు తీసి, మోటారును ప్రొపెల్లర్ షాఫ్టుకు కలపడం సాధ్యమే. సాధ్యమైనదల్లా యుక్తమేనా అన్నది ప్రశ్న.

దీనికి సమాధానం నాకు మరొక చరిత్రలో దొరికింది. లోటస్ ఎలీస్ కారు ఆధారంగా టెస్లా వారు చేసిన రోడ్‌స్టర్ ఉత్పత్తి 2008లో ఆరంభమైంది. దానికి రెండు గేర్లు ఉండాలని మొదటి ఆలోచన. మోటారు ఒక్కసారిగా చూపే బలానికి ఆ గేరుబాక్సులు మన్నలేదు. తొలి కార్లను రెండవ గేరులోనే బిగించి అమ్మారు. అవి బయలుదేరేటప్పుడు మందగించాయి. పిమ్మట ఒకే గేరు గల పెట్టెను అమర్చారు, కానీ దానితోపాటు మోటారుకు మరింత కరెంటు అందించే పరికరాన్నీ మార్చారు. అంటే లోపించిన గేరు చేయవలసిన పనిని కరెంటు చేసిందన్నమాట.

వ్యాకరణం చదివినవారికిది కొత్త కాదు. ఇంజను స్థానంలో మోటారు వస్తే ఆదేశం. మోటారుకూ గేరుబాక్సుకూ మధ్య అడాప్టర్ ప్లేటు చేరితే, మాయమ్మలో యకారంవలె, ఆగమం. గేరుబాక్సు పోతే లోపం. అయితే సంధిలో అచ్చు లోపించినా దాని అర్థం లోపించదు. గేరు పోయినా దాని పని పోదు. మరొకరి మీద పడుతుంది.

మా బండిలో ఎవరి మీద పడుతుంది? అంబాసిడర్ చక్రం చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి 1000 మీటర్లు, అనగా 500 చుట్లు. ఇరుసు దానిని నాలుగు రెట్లకు పైగా పెంచుతుంది గనుక, గేరుబాక్సు లేకున్నా మోటారు 2000కు పైగా చుట్లు తిరుగుతుంది. చదును దారిలో అది హాయి. సింహాచలం కొండ మీద 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కేటప్పుడు మాత్రం సుమారు 700 చుట్లే. బలమంతా కరెంటుతోనే రావాలి. కరెంటు రెట్టింపైతే తీగలలో పుట్టే వేడి నాలుగింతలు. మోటారుకు దాని ఇరుసు మీదనే ఫ్యాను ఉంటే, చల్లదనం కావలసిన వేళకే అదీ నెమ్మదిస్తుంది. చిన్న గేరు ఆ భారంలో చాలా భాగాన్ని తానే మోస్తుంది. పైగా వెనుకకు నడిపే రివర్సు గేరు ఉచితం.

గేర్ల రాపిడికి కొంత శక్తి వృథా అవుతుంది, బరువూ ఉంటుంది, నిజమే. అధిక కరెంటును తట్టుకొనే పెద్ద మోటారు పెట్టే స్తోమత ఉంటే తీసివేయడమే మేలు. మాది మధ్యతరగతి మోటారు.

"ఉంచరా" అన్నాను. "క్లచ్చి కూడా ఉండనీ. ఊళ్ళో రెండవ గేరు, బయట మూడవది, కొండకు మొదటిది. ముందుగా మన బండికి అనుమతి పొందిన కిట్టు ఉన్నదో లేదో చూడు. మార్పును రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించనిదే రోడ్డెక్కించవద్దు."

ఈ లెక్కలేవీ వదినగారు వినలేదు. "ఇంతకూ ఆ కడ్డీ ఉంటుందా మరిదీ?" అని మాత్రం అడిగారు.

"ఉంటుంది వదినా. అలంకారానికి కాదు, పనికే ఉంటుంది" అన్నాను.

ఇటువంటి మార్పు స్వయంగా చేయించిన మిత్రులెవరైనా ఉంటే, నా లెక్కలో తప్పులు దిద్దగలరు. షెడ్డులో పని ఇంకా మొదలు కాలేదు.