హడూప్, స్పార్క్‌ల నుంచి క్లౌడ్ నిల్వకు: ఒక అనుసంధాన చరిత్ర

వ్యాససంగ్రహం: భారీ దత్తాంశాన్ని విశ్లేషించే హడూప్, స్పార్క్ వ్యవస్థలను అమెజాన్ ఎస్3 క్లౌడ్ నిల్వతో జోడించడానికి 2006 నుంచి జరిగిన ప్రయత్నాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ జోడింపులో ప్రధానమైన అవరోధం దూరం కాదనీ, ఫైల్ వ్యవస్థ ఇచ్చిన హామీలు నిల్వ మారినప్పుడు చెల్లకపోవడమేననీ నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: బిగ్ డేటా, హడూప్, స్పార్క్, ఎస్3, క్లౌడ్ నిల్వ, ఫైల్ వ్యవస్థ.

1. ఉపోద్ఘాతం

గణన విజయవంతంగా ముగిసిందని కంప్యూటర్ ప్రకటిస్తుంది. ఫలితాల పట్టిక కూడా సిద్ధమవుతుంది. అయితే అందులో కొన్ని ఫైళ్ల దత్తాంశం చేరలేదన్న సంగతి ఎక్కడా నమోదు కాదు. క్లౌడ్ నిల్వపై బిగ్ డేటా వ్యవస్థలను నడిపిన తొలి దశాబ్దంలో ఇటువంటి స్థితికి ఆస్కారం ఉండేది. దోషం కనబడితే సరిదిద్దవచ్చు. కనబడని దోషం నిర్ధారణల్లోకి ప్రవేశిస్తుంది. కాబట్టి ఈ అనుసంధాన చరిత్ర సాంకేతిక నిపుణులకే పరిమితమైన విషయం కాదు. గణాంకాలను ఆధారంగా స్వీకరించే ప్రతి పరిశోధకునికీ దీనితో సంబంధం ఉంది.

2. దత్తాంశం వద్దకే గణన

గూగుల్ సంస్థ తన ఫైల్ వ్యవస్థను 2003లోనూ, మ్యాప్‌రెడ్యూస్ గణన పద్ధతిని 2004లోనూ పరిశోధన పత్రాల ద్వారా వెల్లడించింది. వాటి స్ఫూర్తితో డగ్ కటింగ్, మైక్ కాఫరెల్లా తమ నచ్ అన్వేషణ యంత్రం కోసం చేసిన కృషి నుంచి 2006లో హడూప్ వేరుపడింది. హడూప్ ఫైల్ వ్యవస్థ పెద్ద ఫైలును తొలిరోజుల్లో 64 మెగాబైట్ల ఖండాలుగా విభజించి, ఒక్కొక్క ఖండానికి సాధారణంగా మూడు ప్రతులను వేర్వేరు కంప్యూటర్లలో ఉంచేది. నాటి నెట్‌వర్కులు నెమ్మదైనవి కాబట్టి దత్తాంశాన్ని తరలించకుండా, అది ఉన్న కంప్యూటర్‌కే గణనను పంపడం మూలసూత్రమైంది.

దీనివల్ల నిల్వ, గణన ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. నిల్వ పెంచాలంటే కంప్యూటర్లను పెంచాలి. గణన లేని వేళల్లో కూడా దత్తాంశం కోసం వాటిని నడుపుతూనే ఉండాలి.

3. ఎస్3 ఆవిర్భావం, తొలి కనెక్టర్లు

అమెజాన్ 2006 మార్చి 14న ఎస్3ని ప్రారంభించింది. ఇది ఫైల్ వ్యవస్థ కాదు, ఆబ్జెక్ట్ నిల్వ. ఇందులో ప్రతి వస్తువుకూ ఒక పేరు ఉంటుంది. ఆ పేరుతో ఇంటర్నెట్ ద్వారా దానిని ఉంచవచ్చు, తీసుకోవచ్చు. ఫోల్డర్లు నిజానికి లేవు. పేరులో కనిపించే ఏటవాలు గీత కూడా ఇతర అక్షరాల వంటిదే.

కొద్దికాలంలోనే టామ్ వైట్ కృషితో హడూప్‌కు ఎస్3 కనెక్టర్ సమకూరింది. ఈ తొలి కనెక్టర్ ఫైళ్లను ఖండాలుగా మార్చి దాచడం వల్ల వాటిని ఇతర ఉపకరణాలు చదవలేకపోయేవి. 2008లో వచ్చిన ఎస్3ఎన్ ఒక ఫైలును ఒకే వస్తువుగా ఉంచింది. ఆనాటి ఎస్3 నిబంధన ప్రకారం వస్తువు పరిమాణం 5 గిగాబైట్లు దాటరాదు. 2014లో హడూప్ 2.6తో వచ్చిన ఎస్3ఏ క్రమంగా ఈ రెండింటి స్థానాన్నీ ఆక్రమించింది.

ఈ జోడింపులోని ఆకర్షణకు 2007 నాటి న్యూయార్క్ టైమ్స్ ప్రయోగం మంచి ఉదాహరణ. ఆ పత్రిక తన పాత సంచికలకు చెందిన సుమారు 4 టెరాబైట్ల చిత్రాలను ఎస్3లో ఉంచి, అద్దెకు తీసుకున్న దాదాపు 100 కంప్యూటర్లపై హడూప్‌ను నడిపి, 24 గంటల్లోపు పీడీఎఫ్‌లుగా మార్చుకుంది. పని ముగిశాక కంప్యూటర్లు అవసరం లేదు. దత్తాంశం మాత్రం నిలిచి ఉంటుంది.

4. దూరం సమస్య కాకపోవడం

నిల్వ దూరమైతే వేగం తగ్గుతుందన్న శంక సహజం. అయితే నెట్‌వర్కుల వేగం డిస్కుల వేగం కంటే త్వరగా పెరుగుతున్నందున సామీప్యానికి ప్రాధాన్యం తగ్గుతుందని గణేశ్ అనంతనారాయణన్, ఆయన సహరచయితలు 2011లోనే ఒక పత్రంలో వాదించారు. తరువాతి పరిణామాలు ఆ దిశలోనే సాగాయి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీ ప్రాంగణంలో 2009లో మతే జహారియా ప్రారంభించిన స్పార్క్, మధ్యంతర ఫలితాలను మెమరీలో ఉంచుకొని గణనను వేగవంతం చేసింది. అయితే స్పార్క్‌కు సొంత నిల్వ లేదు. చదవడానికీ రాయడానికీ అది హడూప్ ఫైల్ వ్యవస్థ ఇంటర్‌ఫేస్‌నే ఆశ్రయించింది. చిరునామా మొదట్లోని ఉపసర్గను మారిస్తే చాలు, అదే ప్రోగ్రామ్ ఎస్3పై నడుస్తుంది. ఈ సౌలభ్యంతో పాటు హడూప్ కనెక్టర్ల పరిమితులు కూడా స్పార్క్‌కు వారసత్వంగా వచ్చాయి.

5. చెల్లని రెండు హామీలు

మొదటిది జాబితా. హడూప్ ఫైల్ వ్యవస్థలో ఫైలు రాసిన వెంటనే అది జాబితాలో కనిపిస్తుంది. ఎస్3లో మాత్రం కొత్త వస్తువు జాబితాకెక్కడానికి కొంత వ్యవధి పట్టే అవకాశం ఉండేది. ఆ వ్యవధిలో తరువాతి గణన మొదలైతే, కనిపించిన ఫైళ్లనే చదివి, ఏ ఫిర్యాదూ లేకుండా ముగిసేది.

రెండవది పేరు మార్పు. హడూప్‌లో ప్రతి ఉపగణనా తన ఫలితాన్ని తాత్కాలిక ఫోల్డర్‌లో రాస్తుంది. పని విజయవంతమైతే ఆ ఫోల్డర్ పేరు మార్చడం ద్వారా ఫలితం ఖరారవుతుంది. అక్కడ ఇది క్షణంలో, అవిభాజ్యంగా జరిగే చర్య. ఎస్3లో పేరు మార్పు అనే చర్యే లేనందున, కనెక్టర్ ప్రతి వస్తువునూ కొత్త పేరుతో నకలు చేసి పాతదానిని తొలగించేది. మధ్యలో అంతరాయం కలిగితే సగం ఫలితమే గమ్యంలో మిగిలేది. పైగా ఏ వస్తువులను నకలు చేయాలో నిర్ణయించేది కూడా ఆ జాబితాయే. జాబితాలో లేని వస్తువు నకలు కాదు.

6. పరిష్కార యత్నాలు

నెట్‌ఫ్లిక్స్ 2014లో ఎస్3ఎంపర్ అనే ఉపకరణాన్ని విడుదల చేసింది. రాసిన ఫైళ్ల వివరాలను అది డైనమోడీబీ అనే వేరొక డేటాబేస్‌లో నమోదు చేసి, ఎస్3 జాబితాతో సరిచూసేది. హడూప్‌లో వచ్చిన ఎస్3గార్డ్ కూడా డైనమోడీబీనే ఆశ్రయించింది. స్పార్క్‌లో తాత్కాలిక ఫోల్డర్ లేకుండా గమ్యంలోనే నేరుగా రాసే పద్ధతి కొంతకాలం అమలైంది. అయితే ఉపగణన విఫలమైనా, ఒకే ఉపగణన రెండుచోట్ల నడిచినా దత్తాంశానికి ప్రమాదం ఉన్నందున 2016 నాటి స్పార్క్ 2.0లో దానిని తొలగించారు. వేగం కంటే విశ్వసనీయతకు పెద్దపీట వేసిన నిర్ణయమిది.

2018లో హడూప్ 3.1తో వచ్చిన ఖరారు విధానాలు పేరు మార్పును అనుకరించే ప్రయత్నాన్నే విడిచిపెట్టాయి. పెద్ద వస్తువును భాగాలుగా పంపే సౌకర్యం ఎస్3లో 2010 నుంచే ఉంది. ముగింపు అభ్యర్థన అందేదాకా ఆ వస్తువు ఎవరికీ కనిపించదు. దీనిని ఆధారం చేసుకొని, ఉపగణనల ఫలితాలను భాగాలుగా పంపి, ముగింపు అభ్యర్థనలను చివరిదాకా వాయిదా వేశారు. ఈ కృషిలో స్టీవ్ లాఫ్రన్, నెట్‌ఫ్లిక్స్‌కు చెందిన రయన్ బ్లూ ప్రముఖులు.

2020 డిసెంబరు 1న అమెజాన్ ఎస్3లో దృఢమైన ఏకరూపతను ప్రకటించడంతో జాబితా సమస్య తీరింది. ఎస్3గార్డ్ అవసరం తప్పింది. పేరు మార్పు సమస్య మాత్రం అలాగే ఉంది. ఐస్‌బర్గ్, డెల్టా లేక్ వంటి పట్టిక రూపాలు దానిని మరో మార్గంలో దాటాయి. పట్టికలో ఏయే ఫైళ్లు ఉన్నాయో అవి తమ సొంత పత్రాల్లోనే నమోదు చేస్తాయి. ఆ నమోదు మారినప్పుడే కొత్త ఫలితం చెల్లుబాటవుతుంది. అదే పేరుతో వస్తువు ఇంతకుముందు లేనప్పుడే రాయడానికి అనుమతించే సౌకర్యం 2024 ఆగస్టులో ఎస్3కి చేరింది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• నిల్వ దూరంగా ఉండటం కన్నా, జాబితా, పేరు మార్పు అనే చర్యల అర్థం మారడమే అనుసంధానానికి పెద్ద అవరోధమైంది.

• ఒకే ఇంటర్‌ఫేస్ వాడటం ప్రోగ్రామర్లకు సౌకర్యమైంది. అదే భేదాన్ని వారి దృష్టికి రానివ్వలేదు.

• ఫైల్ వ్యవస్థను అనుకరించిన పరిష్కారాలు తాత్కాలికమయ్యాయి. ఆబ్జెక్ట్ నిల్వ స్వభావాన్ని అంగీకరించినవి నిలిచాయి.

అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ ప్రాంతం 2022 నవంబరులో ప్రారంభమైంది. అప్పటికే జాబితా సమస్య తీరింది. అయినా పాత ప్రోగ్రామును పాత ఖరారు విధానంతోనే అక్కడ నడిపితే పేరు మార్పు సమస్య వెంట వస్తుంది. చారిత్రక పరిశోధకుడు తాళపత్ర ప్రతిని స్వీకరించేముందు లేఖకుణ్ణీ మాతృకనూ విచారిస్తాడు. దత్తాంశ పట్టిక విషయంలో కూడా అది ఏ కాలంలో, ఏ కనెక్టర్‌తో, ఏ ఖరారు విధానంతో రాయబడిందో విచారించడం, మూలంలోని వరుసల సంఖ్యతో సరిచూడటం పరిశోధనా విధిగా గుర్తించాలి.