తలకిందుల చదువు

ఏ కాగితం సరిచూడాలన్నా మా మామగారు దాన్ని తలకిందులుగా పట్టుకునేవారు. కాపురానికొచ్చిన కొత్తలో నాకు నవ్వాగేది కాదు. ఆయన బెజవాడలో ప్రెస్సు కంపోజిటరు. స్టిక్కులో పేర్చే సీసపు అక్షరాలు అలాగే, తలకిందులుగా కనిపిస్తాయట!

తొలి తెలుగు పుస్తకాలు అచ్చయింది మన దేశంలో కాదు. మద్రాసులో తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1746లో జర్మనీలోని హాలేలో వేయించాడు. అప్పట్నుంచి మా మామగారి దాకా పని ఒకటే. ఒక్కో అక్షరం ఏరడం, పేర్చడం, అచ్చయ్యాక దేని గడిలో దాన్ని మళ్ళీ వేయడం.

ఇంగ్లీషుకి ఇరవయ్యారక్షరాలు. మనకో? గుణింతాలూ, ఒత్తులూ కలిపి వందల గడులు! పోపుల డబ్బాలో ఆవాలెక్కడున్నాయో మన చేతికి తెలిసినట్టు అవన్నీ ఆయన చేతికి తెలుసు.

చిన్న ప్రెస్సులో అక్షరాలు చాలవు. నాలుగు పేజీలు అచ్చువేసి, విప్పి, ఆ అక్షరాలతోనే మరో నాలుగు కూర్చేవారు. పెళ్ళింట్లో మొదటి బంతి లేస్తేగాని రెండో బంతికి చోటు లేనట్టన్నమాట.

సాయంత్రం మా అత్తగారు పెరట్లోనే నీళ్ళూ, సబ్బూ పెట్టేవారు. సీసం అంటిన వేళ్ళతో కంచం ముట్టనిచ్చేవారు కాదు. అది ఒంటికి విషమని ఎవరో చెప్పారట. ఆ ప్రెస్సు యజమాని మాత్రం ఏనాడూ చెప్పలేదు.

1886లోనే న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రిక లైనోటైప్ యంత్రంతో వరుసకి వరుసే పోతపోసుకుంది. ఆ వైభవం మా మామగారి ప్రెస్సు గడప తొక్కలేదు. తొక్కింది కంప్యూటరే. 1985లో అమెరికాలో పేజీమేకర్ వచ్చింది. 1990లలో డీటీపీ మన ఊళ్ళకీ దిగింది. రెండున్నర శతాబ్దాల పని పదేళ్ళలో మూలపడింది.

అక్షరాలను తూకానికి అమ్మేశారు. మామగారికప్పుడు యాభయ్యారేళ్ళు. మా చిన్నాడపడుచు పెళ్ళి ఇంకా కాలేదు. సగం జీతానికి ప్రూఫులు దిద్దడానికి ఒప్పుకున్నారు. నలభయ్యేళ్ళ పనికి ఇదా ఖరీదని అత్తగారు కళ్ళొత్తుకుంటే, “చేతికి పని పోయింది గానీ, కంటికి పోలేదుగా!” అన్నారు.

ఆడపడుచు శుభలేఖ ఆ ప్రెస్సులోనే కంప్యూటరు మీద తయారైంది. ఇంటిల్లిపాదీ చదివి బావుందన్నాం. మామగారు అలవాటు కొద్దీ తలకిందులు చేసి చూశారు. వియ్యంకుడి పేరులో ఒత్తు లేదు!

కంప్యూటరు దగ్గరి అమ్మాయి నిమిషంలో సరిచేసింది. “మాకైతే ఫారం విప్పాల్సొచ్చేదమ్మా,” అని ఆ అమ్మాయిని మెచ్చుకున్నారు. మేమూ మెచ్చుకున్నాం. తప్పు పట్టుకున్న ఆ కంటిని మెచ్చుకోవాలని మాత్రం ఆ రోజు మాలో ఒక్కరికీ తోచలేదు.