వేలిముద్రకు ముందు: బోధన్ చెరకు ప్రాంతంలో గర్భసంచి ఆపరేషన్, నర్సు నైతిక నిర్ణయం

బోధన్ పక్క ఊళ్లో బీడీలు చుట్టే ఒక 32 ఏళ్ల స్త్రీని ఊహించుకుందాం. తెల్లబట్ట, నడుం నొప్పి అని ఆస్పత్రికి వచ్చింది. గర్భసంచి తీసేయాలన్నారు. "రేపు క్యాన్సర్ అయితే ఎవరు చూస్తరు?" అంది అత్త. భర్త సరేనన్నాడు. ఆమె కాగితం మీద వేలిముద్ర వేసింది. మర్నాడు పొద్దున ఆపరేషన్‌కు సిద్ధం చేస్తున్న నర్సును మెల్లగా అడిగింది: "సిస్టరమ్మా, నొప్పి పోతదని తీసుకొచ్చిండ్రు. సంచి మొత్తమే తీసేస్తరా?"

ఈ సందర్భం వాదన కోసం నేను కల్పించినది. ఆ ప్రశ్న చెవిన పడ్డ క్షణాన నర్సు ఏం చేయాలన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. సాలూర దగ్గర మంజీర దాటితే మహారాష్ట్ర. ఆ రాష్ట్రంలోనే బీడ్ జిల్లాలో చెరకు నరికే స్త్రీల గర్భసంచి ఆపరేషన్లపై 2019లో ప్రభుత్వం విచారణ జరిపించింది. సర్వే చేసిన సుమారు 82 వేల మందిలో 13 వేలకు పైగా స్త్రీలకు గర్భసంచి లేదని తేలింది. నెలసరి వచ్చి ఒక రోజు పని మానితే కూలి పోతుంది, పైగా జరిమానా. ఆ లెక్కలో శరీరంలోని ఒక అవయవమే పనికి అడ్డంగా కనిపించింది. బోధన్‌లోనూ అదే జరుగుతోందని నేను అనడం లేదు. అయితే బోధన్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించింది. ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్ చుట్టూ ఎన్నో ఇళ్లకు నమ్మకమైన ఆదాయం పోయింది. అలాంటి ఇంట్లో బీడీల కూలే ఆసరా అయినప్పుడు, "ఒక్కసారి తీసేయిస్తే పీడ పోతది" అన్న మాటకు బలం ఎక్కువ. పొద్దస్తమానం చాట ఒళ్లో పెట్టుకుని వంగి కూర్చునే మనిషికి నడుం నొప్పి గర్భసంచి వల్లే వచ్చిందా, చాట వల్ల వచ్చిందా? ఈ ప్రాంతపు నర్సుకు ఈ అనుమానం ముందుగా రావాలి.

చట్టం సంగతి చూస్తే, సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన తీర్పు ఇక్కడ నేరుగా వర్తిస్తుంది. పరీక్ష కోసం మత్తులో ఉన్న స్త్రీకి తల్లి అంగీకారం తీసుకుని గర్భసంచి తీసేశారు. తెలివి వచ్చాక తనే నిర్ణయించుకోగల వయోజనురాలి బదులు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని, ప్రాణాపాయం లేనప్పుడు ఆగాల్సిందేనని కోర్టు తేల్చింది. తల్లి సమ్మతే చెల్లనప్పుడు అత్త మాట ఎలా చెల్లుతుంది? అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది కూడా.

మన ఊహాసందర్భంలో వేలిముద్ర రోగిదే. చిక్కంతా అక్కడే ఉంది. కాగితం సక్రమంగా ఉంది, సమ్మతి లేదు. వైద్య నీతివేత్తలు బీచాంప్, చిల్‌డ్రెస్ 1979లో ప్రతిపాదించిన నాలుగు సూత్రాలు (స్వయంనిర్ణయం, మేలు చేయడం, కీడు చేయకపోవడం, న్యాయం) నర్సింగ్ పాఠాల్లో అందరూ చదివేవే. పరీక్షలో అవి నాలుగు విడివిడి జవాబులు. మంచం దగ్గర నాలుగూ ఒకేసారి మీద పడతాయి. అండాశయాలు కూడా తీసేస్తే ముందే ముట్లుడిగి, ఎముకలు బలహీనపడే ప్రమాదం ఉంది. మందులతో తగ్గే తెల్లబట్టకు ఆ మూల్యం చెల్లించాలా అని అడిగే అవకాశం ఆమెకు దొరకలేదు. రోగిని సంరక్షణలో భాగస్వామిగా చూడాలని, తెలిసి ఎంచుకోవడానికి తోడ్పడాలని భారత నర్సింగ్ మండలి 2006 నియమావళి చెబుతుంది. ఎక్కువ మంది ఈ వాక్యాన్ని మర్యాదకు సంబంధించినదిగా చదువుతారు. నా దృష్టిలో అది పనిని ఆపే అధికారం.

బోధన్‌లో ఇంకో మెలిక ఉంది, భాష. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపించే ఊరు అది. డాక్టరు తెలుగులో చెప్పింది రోగికి ఉర్దూలో చేరవేసేది చాలాసార్లు వెంట వచ్చిన బంధువే. నిర్ణయం మీద పట్టున్న మనిషే దుబాసీ అయితే, రోగి చెవికి చేరేది సగం మాటే కావచ్చు. అందుకే ఎవరు అనువదించాలో చూసుకోవడం కూడా నైతిక నిర్ణయమే. నర్సో, ఆ భాష వచ్చిన మరో ఉద్యోగో ఆ పని చేయాలి. బంధువులను కాసేపు బయట కూర్చోబెట్టాలి.

బోధన్ ఉన్న ఈ జిల్లాకు సమ్మతి విషయంలో ఒక పాత అనుభవం ఉంది. 1915లో డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కుష్ఠురోగుల కోసం ఆశ్రయం నెలకొల్పారు. రాజా నర్సాగౌడ్ విరాళం అందుకు ఊతమైంది. అప్పటి చికిత్స నూనె ఇంజెక్షన్లు, అవీ నొప్పి పెట్టేవి, పదే పదే వేయించుకోవలసినవి. అలాంటి చికిత్సలో సమ్మతి ఒక్క సంతకంతో తీరిపోదు. సూది పొడిచిన ప్రతిసారీ రోగి మళ్లీ ఒప్పుకోవాలి. గర్భసంచి ఆపరేషన్‌లో ఒప్పుకోవడానికి ఒక్కటే తరుణం. అది దాటితే వెనక్కి తేవడానికి ఏమీ ఉండదు.

"నర్సు ఆపగలదా? డాక్టరు ఊరుకుంటాడా?" అన్న అభ్యంతరం న్యాయమైనదే. వివరించి సమ్మతి తీసుకునే బాధ్యత డాక్టరుది. చికిత్స వద్దని చెప్పడం నర్సు పని కాదు. రోగికి అర్థం కాలేదని డాక్టరుకు చెప్పడం మాత్రం కచ్చితంగా ఆమె పని. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు, ఇతర ఆస్పత్రుల్లో ఐదుగురికి ఒక నర్సు ఉండాలని నర్సింగ్ మండలి ప్రమాణం. ఆ లెక్క తప్పిన వార్డులో రోగి ప్రశ్న వినే తీరికే ఉండదు. అప్పుడు తప్పంతా నర్సు మనస్సాక్షి మీద మోపడం అన్యాయం.

కాబట్టి ఆ పొద్దున నర్సు చేయవలసింది ఇది: సిద్ధం చేయడం ఆపాలి. "డాక్టరుతో నువ్వే మాట్లాడమ్మా, నేను పక్కనే ఉంట" అని ఆమెకు చెప్పాలి. డాక్టరును మంచం దగ్గరికి పిలవాలి. ఆమె అడిగిన ప్రశ్నను ఆమె మాటల్లోనే, సమయం వేసి, నర్సు నోట్సులో రాయాలి: "సంచి మొత్తమే తీసేస్తరా?"