మా ఇల్లా, మన ఇల్లా?

మీ ముందు బల్ల మీద 1663 నాటి బైబిల్ తెరిచి ఉంది. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో అచ్చయింది. అమెరికా ఖండంలో అచ్చయిన మొట్టమొదటి బైబిల్ ఇదే, అదీ ఇంగ్లిష్‌లో కాదు, వాంపనోగ్ జనం మాట్లాడే భాషలో. రెండు ‘ఓ’లు అతికించి పోసిన వింత అచ్చుముక్క ప్రతి వరసలోనూ కంటికి తగులుతోంది. అనువాదం మీద పేరు జాన్ ఎలియట్ అనే పాస్టర్‌ది. కానీ అచ్చు కూర్చిన చేతుల్లో జేమ్స్ ప్రింటర్ అనే నిప్ముక్ తెగవాడివీ ఉన్నాయి. ఈ భాష తెలిసిన చెయ్యి పడింది కాబట్టి ఈ పేజీని కొంత నమ్మవచ్చు.

మీరు వాంపనోగ్‌లు. కేప్ కాడ్‌లోని మాష్‌పీ మీ ఊరు. ఇది మీ ముత్తవ్వల భాష, కానీ మీకు రాదు. 19వ శతాబ్దంలోనే మాట్లాడేవాళ్లు కరువయ్యారు. సందేహం వస్తే అడగడానికి ఏ ముసలమ్మా లేదు. ఉన్నవి ఈ బైబిలూ, 1666లో ఎలియట్ వేసిన చిన్న వ్యాకరణమూ, మీ పూర్వీకులే రాసుకున్న భూమి దస్తావేజులూ, వీలునామాలూ, ఉత్తరాలూ. ఒకే మాట ఒక్కో చోట ఒక్కో స్పెల్లింగ్‌తో ఉంటుంది.

రేపు పిల్లలకి ఒక చిన్న వాక్యం నేర్పాలి: ‘ఇది మన ఇల్లు’.

ప్రభువు ప్రార్థన పేజీ తీస్తారు. అందరికీ తెలిసిన పాఠం కాబట్టి అర్థం వెతుక్కోనక్కర్లేదు. మొదటి మాట ‘నూషన్’, ఇంగ్లిష్‌లో ‘అవర్ ఫాదర్’. మధ్యలో తండ్రి, ముందు ‘న’, చివర ‘అన్’. ఎలియట్ వ్యాకరణం తిప్పుతారు. నా గుండె, నీ గుండె, అతని గుండె అంటూ పట్టిక ఉంది. బహువచనం దగ్గర కూడా అదే ‘న’. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పారు. రాసెయ్యొచ్చు.

కలం ఎత్తారు.

ఆగండి. ఇంకో పేజీలో ఇదే బహువచనానికి ముందు ‘క’ ఉంది. ‘క’ అంటే ‘నీ’ కదా? అచ్చుతప్పా? ఎలియట్ ఏమీ చెప్పలేదు. కొట్టెయ్యాలా? ఉంచాలా? ఈ రాత్రి మీరు తప్పు రాస్తే, రేపు పిల్లలకి అదే భాష. సరిదిద్దేవాళ్లు లేరు.

అక్కచెల్లెళ్ల భాషలు అడగండి. ఓజిబ్వే బతికే ఉంది. అందులో ‘నోసినాన్’ ఉంది. ‘గోసినాన్’ కూడా ఉంది. రెంటికీ ఇంగ్లిష్‌లో ‘అవర్ ఫాదర్’ అనే. వినేవాడు లెక్కలో లేకపోతే ‘న’. ఉంటే ‘గ’, మీ ‘క’కి అక్కడి రూపం.

ఇప్పుడు వెలిగింది. ప్రార్థన వినేది దేవుడు. తండ్రి అని పిలిపించుకునేది ఆయన, పిలిచే పిల్లల్లో ఒకడు కాదు. అందుకే ‘న’. తెలుగు క్రైస్తవులు కూడా అక్కడ ‘మా తండ్రీ’ అంటారు తప్ప ‘మన’ అనరు. ఇంగ్లిష్ ‘అవర్’కి ఆ తేడా లేదు. ఎలియట్ పట్టికలో అది జారిపోయిందంటే ఆశ్చర్యమేముంది? తెలుగు బడిపిల్లకైతే మేము, మనం ఎప్పుడో వచ్చేసి ఉంటాయి.

‘న’ రాసి ఉంటే? ఆ పిల్లలకి మీరు చెప్పేది: ‘ఇది మా ఇల్లు. మీది కాదు’.

‘క’ వెయ్యండి.

ఇంకా చాలా ఉంది. జంతువులకి ఒక బహువచనం, రాళ్లకి మరొకటి. నక్షత్రాలు రాళ్ల వైపు కాదు, జింకల వైపు వెళ్తాయి. ‘నిన్ను చూస్తాను’, ‘నన్ను చూస్తావు’ రెండూ ‘క’తోనే మొదలవుతాయి. ఎవరు ఎవర్ని చూస్తున్నారో క్రియ చివర చెబుతుంది. రాత్రి పొద్దుపోయినా ఇవి తెమలవు.

ఇలాంటి బల్ల దగ్గర నిజంగానే కూర్చున్న మనిషి మాష్‌పీకి చెందిన జెస్సీ లిటిల్ డో బేర్డ్. 1993లో పని మొదలుపెట్టి, ఎంఐటీలో కెన్ హేల్ దగ్గర భాషాశాస్త్రం చదివి, 2000లో పట్టా తీసుకున్నారు. ఆమె కూతురు ఈ భాష వింటూనే మాటలు నేర్చింది. తరాల తర్వాత పుట్టుకతో ఈ భాష వచ్చిన తొలి మనిషి ఆ అమ్మాయే. 2016లో చిన్నపిల్లల బడి తెరిచారు. అక్కడ పాఠాలు ఈ భాషలోనే చెబుతారు.