గొట్టంలో మిగిలిన ఉప్పు: తోప్ కా సంచా నుంచి శంషాబాదు దాకా

వ్యాససంగ్రహం

హైదరాబాదు సైనికచరిత్రలో ఆయుధాల తయారీకి దక్కిన చోటు వాటి శుభ్రతకు దక్కలేదు. తుపాకి పేలిన తరువాత గొట్టంలో మిగిలే అవశేషాన్ని రెండు శతాబ్దాలుగా ఎలా అర్థం చేసుకున్నారో, ఎక్కడ పొరబడ్డారో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కొత్త రివాల్వరు గొట్టంలో కనిపించే మసి ఇందుకు ప్రస్థానబిందువు.

కీలకపదాలు: పెట్లుప్పు, తోప్ కా సంచా, రేమండ్, ఎన్‌ఫీల్డు తూటా, ప్రైమరు, శంషాబాదు.

1. ప్రవేశిక

లైసెన్సు పొంది కొత్త రివాల్వరు కొన్నవారు తొలిసారి గొట్టంలో గుడ్డపేలిక దూర్చి లాగినప్పుడు అది నల్లబడి రావడం చూసి కలవరపడతారు. ఎవరో వాడిన ఆయుధాన్ని కొత్తదని అంటగట్టారేమోనన్న అనుమానం సహజమే. నిజానికి ఆ నలుపులో మూడు వేర్వేరు పదార్థాలు కలిసి ఉండవచ్చు. తుప్పు పట్టకుండా కర్మాగారంలో పూసిన చమురు ఆరి చిక్కబడినది ఒకటి. గొట్టం లోపలి గాడులు కోసినప్పుడు మిగిలిన సన్నని లోహపు పొడి మరొకటి. మూడోది అసలైన కాల్పుల మసి. ఆయుధాన్ని అమ్మకానికి పంపేముందు మామూలు తూటా కన్నా ఎక్కువ పీడనం కలిగించే తూటాతో కాల్చి గొట్టం బలాన్ని పరీక్షించడం తయారీలో ఒక దశ. భారత ఆయుధ చట్టం (1959) అయిదవ సెక్షను తయారీ, అమ్మకం, మరమ్మతులతోపాటు ఈ పరీక్షను కూడా లైసెన్సు పరిధిలోకి తెచ్చింది. కనుక కొత్త ఆయుధం కాల్చని ఆయుధం కాదు. యజమాని చేతికి రాకముందే దానికి కొంత చరిత్ర ఉంటుంది.

ఆ చరిత్రను చదవడం మనవాళ్లు ఎప్పుడు, ఎలా నేర్చుకున్నారన్నది ప్రశ్న.

2. పెట్లుప్పు

తుపాకిమందులో ప్రధానద్రవ్యాన్ని తెలుగులో సురేకారం అనీ, పెట్లుప్పు అనీ అంటారు. రెండోమాట మన చర్చకు బాగా ఉపకరిస్తుంది. నూటికి సుమారు 75 పాళ్లు పెట్లుప్పు, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం కలిసినది నల్లమందు. ఇది పూర్తిగా పొగ అయిపోతుందని చూసేవారికి అనిపిస్తుంది గాని, బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ 1875లో ప్రచురించిన పరిశోధన ఈ లెక్కలను స్థిరపరచింది. మిగిలేవి ముఖ్యంగా పొటాషియం కార్బొనేటు, సల్ఫేటు, సల్ఫైడు. అంటే లోపలికి వెళ్లినదీ ఉప్పే, మిగిలినదీ ఉప్పే. దీపావళి మరునాటి ఉదయం కాలిపోయిన చిచ్చుబుడ్డి అడుగున గట్టిపడిన ముద్దను చూసినవారికి ఇది కొత్త విషయం కాదు. మంచుకు అది చెమ్మగిల్లుతుంది, నీళ్లు పోస్తే కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది.

ఉప్పు నూనెలో కరగదు, నీటిలో కరుగుతుంది. గొట్టాన్ని శుభ్రపరచే విద్య అంతా ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరిగింది. చిత్రమేమంటే, ఆ వాక్యాన్ని సైన్యాలు ఒకసారి నేర్చుకుని, మరిచి, మళ్లీ నేర్చుకోవలసివచ్చింది.

3. తోప్ కా సంచా

1755లో ఫ్రాన్సులోని గాస్కనీలో పుట్టిన మిషెల్ జోకిం మారీ రేమండ్ 1786లో నిజాం అలీఖాను కొలువులో చేరాడు. పాశ్చాత్య పద్ధతిలో అతడు తీర్చిన పదాతిదళం సుమారు 14,000కు పెరిగింది. ఫిరంగులు పోత పోయడానికి అతడు నెలకొల్పిన కార్ఖానా తోప్ కా సంచాగా ప్రసిద్ధి. ఆబిడ్సు దగ్గరి గన్‌ఫౌండ్రీ ప్రాంతానికి పేరు వచ్చింది దానివల్లనే. చరిత్రకారులు ఈ పోత గురించి, 1795 మార్చి నాటి ఖర్దా యుద్ధం గురించి తగినంత రాశారు. ఆ ఫిరంగులను పనిచేయించిన నీటిబాల్చీ గురించి రాసినవారు అరుదు.

ఆ కాలపు ఫిరంగిని పేల్చిన ప్రతిసారీ తడిపిన గొర్రెతోలు చుట్టిన కర్రతో గొట్టాన్ని తుడవాలి. మసి తొలగించడం ఇందులో ఒక ప్రయోజనం మాత్రమే. లోపల నిప్పురవ్వ ఒక్కటి మిగిలినా తరువాతి మందు సంచి దూర్చుతున్నప్పుడే అంటుకుంటుంది. దూర్చే మనిషి చేతులు పోతాయి, ప్రాణమూ పోవచ్చు. చెకుముకిరాతి తుపాకుల కష్టం వేరు. కొన్ని గుండ్లు పేల్చేసరికి మసి పేరుకుని గొట్టం ఇరుకవుతుంది, నిప్పు లోపలికి పోయే సన్నని రంధ్రం పూడిపోతుంది. అందుకే సిపాయి తనతో సూది, చిన్న కుంచె ఉంచుకునేవాడు. బ్రిటిషు బ్రౌన్‌బెస్ తుపాకి గొట్టం వ్యాసం 0.75 అంగుళాలయితే గుండు వ్యాసం 0.69 మాత్రమే. ఈ వదులుదనం వల్ల గురి తప్పేది. అయినా మసి పేరుకున్న గొట్టంలోనూ గుండు జారాలంటే గురిని వదులుకోక తప్పలేదు. ఆనాటి యుద్ధంలో సిపాయిలు వరుసకట్టి దగ్గరనుంచి ఒక్కుమ్మడిగా కాల్చడానికి సేనానుల వ్యూహంతో పాటు ఈ మసికి కూడా భాగం ఉందని నా అభిప్రాయం.

రేమండ్ 1798 మార్చి 25న మరణించాడు. సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువారితో సైన్యసహకార ఒడంబడిక చేసుకున్నాడు. అక్టోబరు 22న ఫ్రెంచి దళం ఆయుధాలు దించింది. కంటోన్మెంటు రోజుల్లో తుపాకి తనిఖీ, వేణ్నీళ్లు, నూనెగుడ్డ అనే దినచర్య ఇంగ్లీషు డ్రిల్లులో భాగంగా కొనసాగింది.

4. కొవ్వు పూసిన తూటా

1857 నాటి ఎన్‌ఫీల్డు తూటా కథ అందరికీ తెలిసినదే. ఆ కాగితపు తూటాకు కొవ్వు ఎందుకు పూశారన్న ప్రశ్న మాత్రం పాఠ్యపుస్తకాల్లో తరచు కనబడదు. 0.577 అంగుళాల ఆ తుపాకి గొట్టంలో మూడు గాడులున్నాయి. గురి కుదరాలంటే గుండు గొట్టాన్ని ఒరుసుకునే ఉండాలి. పాత వదులుదనం ఇక పనికిరాదు. గాడుల్లో మసి గట్టిపడితే తరువాతి గుండు దిగదు. ఆ మసిని మెత్తబరచడానికే కొవ్వు. 1857 జనవరిలో డమ్‌డమ్‌లో అలజడి మొదలయ్యాక నెయ్యో, నూనెమైనమో సిపాయిలే పూసుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకుంది. ఒక సాంకేతిక సమస్యకు దొరికిన చవక పరిష్కారాన్ని, దాన్ని పంటితో కొరకవలసిన మనిషిని తలచుకోకుండా అమలుచేశారు. సడలింపు వచ్చేసరికి నమ్మకం పోయింది.

హైదరాబాదులో 1857 జులై 17న తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అలావుద్దీను నాయకత్వంలో రెసిడెన్సీపై జరిగిన దాడికి కారణాలు వేరు. దానిని తూటాలకు ముడిపెట్టడం సరికాదు.

5. తప్పుడు నిందితుడు

1884లో పాల్ వియేయ్ పొగలేని మందును కనుగొన్నాడు. 1889లో ఇంగ్లీషువారి కార్డైటు వచ్చింది. భారతదేశంలో దాని తయారీకి నీలగిరుల్లోని అరువంకాడులో కర్మాగారం వెలిసింది. కొత్త మందు గొట్టంలో దాదాపు ఏమీ మిగల్చదు. నీళ్లెందుకు, నూనె చాలుననుకున్నారు చాలామంది. గొట్టాలు మునుపటికన్నా ఎక్కువగా తుప్పుపట్టాయి! కొత్త మందులోని ఆమ్లమే కారణమని నిపుణులు సైతం నమ్మారు.

అసలు కారణాన్ని 1922లో అమెరికా గనుల బ్యూరోకు చెందిన విల్బర్ట్ హఫ్ నిరూపించాడు. దోషం మందుది కాదు, దానిని అంటించే ప్రైమరుది. ప్రైమరులోని పొటాషియం క్లోరేటు పేలి పొటాషియం క్లోరైడుగా మారుతుంది. వంటింటి ఉప్పుకు అది దగ్గరి చుట్టం. నూనె పొర కిందనే ఉండి అది ఉక్కును తింటుంది. గాలిలో తేమ నూటికి 85 పాళ్లకు చేరువైతే చాలు, గాలిలోని నీటిని అదే లాక్కుంటుంది. వానాకాలపు ఉదయాల్లో హైదరాబాదు గాలి తరచు ఆ హద్దును అందుకుంటుంది. మే నెలలో నిక్షేపంగా ఉన్న గొట్టం ఆగస్టులో గుంతలు పడడంలోని రహస్యం ఇదే. 303 రైఫిలు గొట్టంలో మరిగే నీళ్లు పోసి, ఆరబెట్టి, ఆపైన నూనె రాయాలన్న పాత నియమం వెనుక ఉన్న తర్కమూ ఇదే. ఎన్.సి.సి.లో పుల్‌త్రూ, చిందీ అన్న మాటలు విన్నవారు ఆ సంప్రదాయపు చివరి కొసను పట్టుకున్నవారే.

1920ల చివరినుంచి క్లోరేటు లేని ప్రైమర్లు వచ్చాయి. వాటిలో సీసం, బేరియం, ఆంటిమొనీ సమ్మేళనాలుంటాయి. తుప్పు బెడద తగ్గింది గాని అవశేషానికి కొత్త ప్రాముఖ్యం వచ్చింది. ఈ మూడు మూలకాలు ఒకే సూక్ష్మకణంలో కలిసి కనబడితే అది తుపాకి కాల్పులకు సంబంధించినదని 1970ల నుంచి నేరపరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో గుర్తించసాగారు.

6. శంషాబాదు దారిలో

శంషాబాదు పేరు పైగా వంశీయుల షంసుల్ ఉమరా బిరుదునుంచి వచ్చిందంటారు. నిజాముల అంగరక్షక సేన వారి వారసత్వం. ఆ వంశంలో రెండవ షంసుల్ ఉమరా ఫఖ్రుద్దీన్‌ఖాను, ఇంగ్లీషు విజ్ఞానగ్రంథాల ఆధారంగా ‘సిత్తా-ఎ-షంసియా’ పేరిట జలం, వాయువు మొదలైన విషయాలపై ఉర్దూలో ఆరు గ్రంథాలు వెలువరించాడు. సేనానాయకుడే గాలినీ నీటినీ శాస్త్రంగా చదివించిన అరుదైన ఉదాహరణ అది.

నేడు అదే దారిలో, శివరాంపల్లిలో జాతీయ పోలీసు అకాడమీ ఉంది. దాన్ని దాటి వెళితే 2008 మార్చి 23న రాకపోకలు మొదలైన విమానాశ్రయం. లైసెన్సుదారులు తమ రివాల్వరును ముందుగా తెలియజేసి, తూటాలు తీసివేసి, సామానులో అప్పగించి ప్రయాణించాలి. అలాంటి ఆయుధం ఏదైనా కేసులో ప్రయోగశాలకు చేరితే గొట్టంలోని మసి ఏం చెబుతుంది? దాన్ని ఎప్పుడో ఒకప్పుడు కాల్చారని చెబుతుంది. ఎవరు కాల్చారో, ఏ రోజు కాల్చారో ఆ మసి ఒక్కటే చెప్పలేదు. కర్మాగారపు పరీక్షలో కాల్చినా అక్కడ ఉండేది మసే.

రివాల్వరులో సిలిండరుకూ గొట్టానికీ నడుమ సన్నని సందు ఉంటుంది. పేలినప్పుడు కొంత వాయువు అక్కడినుంచి పక్కకు చిమ్ముతుంది. సిలిండరు ముందుభాగాన గదుల చుట్టూ నల్లటి వలయాలు ఏర్పడేది అందువల్లనే. ఆరు గదుల్లో కొన్నింటి చుట్టూ మాత్రమే పలుచని వలయాలుండి, తక్కినవి శుభ్రంగా ఉంటే అది తక్కువ తూటాలతో జరిగిన పరీక్షకు సరిపోయే గుర్తు. తొలి గుడ్డపేలికను పారవేయకుండా ఒక కాగితంలో మడిచి, తేదీ వేసి, కొనుగోలు రశీదుతోపాటు దాచుకోవడం యజమానికి ఖర్చులేని పని.